శ్రావణంలో శాండ్‌విచ్ కబుర్లు

వానలు పట్టుకున్నాయి. గొడుగులు అటక దిగాయి, బళ్ళు తెరిచారు, కొత్తావకాయ జాడీలు వాసెన కట్టించుకుని మూల చేరాయి. ఇక హైదరాబాదులో సాయంత్రమైతే జనమంతా ఎక్కడున్నారయ్యా అంటే, సగం మంది మిరపకాయ బజ్జీల బండి దగ్గర, మిగతా సగం సందు మలుపులో ఉన్న శాండ్‌విచ్ షాపులో. అదే, అద్దాల తలుపూ, నాలుగు బల్లలూ, గోడ మీద సుద్దముక్కతో రాసిన మెనూ ఉంటాయి చూడండి, అది. మీ పేటలోనూ ఒకటి ఉండే ఉంటుంది. పేరేదైనా లోపలి సందడి ఒకటే కనక రండి, ఓ చుట్టు చుట్టొద్దాం.

ముందు కొత్త జంటల కబురు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే కప్పు కింద ఉండకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. పెద్దలు గడపల సంగతి చెప్పారు గానీ శాండ్‌విచ్ షాపుల గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. అంచేత ఎండాకాలంలో పెళ్ళయిన పిల్లలు ఆ నెల్లాళ్ళూ మూల బల్ల దగ్గరే దొరికారు. అమ్మాయి చేతులకు కోను గోరింటాకు, ఇంకా ఆరలేదు. శాండ్‌విచ్ పట్టుకోవడం కుదరదు, అబ్బాయే తినిపించాలి. ఆరేదాకా ఆగి రావచ్చు కదా అని పక్క బల్ల పెద్దావిడకు సందేహం. కౌంటరు కుర్రాడికి మాత్రం ఏ సందేహమూ లేదు. ఆ బల్లకు బిల్లు కాస్త ఆలస్యంగా పంపిస్తాడు.

ఇక శ్రావణం వచ్చిందో లేదో, కౌంటరు దగ్గర ప్రశ్న మారిపోయింది. "బాబూ, ఈ గ్రిల్లు మీదే చికెన్ది కూడా కాలుస్తారా?" అడిగేవాళ్ళు మెల్లగా అడుగుతారు గానీ, జవాబు కోసం క్యూ అంతా చెవులు రిక్కిస్తుంది. కాస్త ఆలోచనున్న షాపువాళ్ళు రెండు గ్రిల్లులు పెట్టి ఒకదానికి పచ్చ స్టిక్కరు అంటించారు. చేతి తొడుగులు కూడా మారుస్తున్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మన అత్తయ్యల కళ్ళు గ్రిల్లు దగ్గర ఆగవు, కత్తి మీదకు వెళతాయి. గ్రిల్లులు రెండైనా కోసే కత్తి ఒకటే అయితే పచ్చ స్టిక్కరు ఎందుకట! నన్నడిగితే ఆ అడగడంలో తప్పేమీ లేదు. విసుక్కోకుండా వేరే కత్తి తీసిన కుర్రాడి షాపుకే వరలక్ష్మీ వ్రతం పేరంటం ముగించుకుని నలుగురూ కలిసి వెళుతున్నారు.

అన్నట్టు, వారాల లెక్క మీకు తెలిసిందే. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న. శ్రావణంలో శుక్రవారం లక్ష్మీదేవి కూడా చేరుతుంది. ఇక మిగిలినవి బుధ, ఆదివారాలు. చికెన్ టిక్కా శాండ్‌విచ్ పాపం ఆ రెండు రోజుల్లోనే వారం బాకీ వసూలు చేసుకోవాలి. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు వారాలు ఉన్నవాళ్ళ సంగతి మరీ చిత్రం. ఆర్డరు చెప్పేముందు క్యాలెండరు చూస్తారు.

బేగంబజారు, సుల్తాన్‌బజారు వైపు షాపుల్లో ఇంకో రకం సందడి. చాతుర్మాస్యం పాటించే జైన కుటుంబాలు వచ్చాయంటే ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, నేలలో పండేది కనక బంగాళాదుంపా లేదు. దుంప బదులు ఉడికించిన అరటికాయ చిదిమి పెడతారు. ఒకసారి తిని చూడండి, ధనియాలూ జీలకర్రా పడితే ఆలుగడ్డ గుర్తుకు రాదు. మన ఇళ్ళల్లో అరటికాయ అనగానే ముఖం తిప్పుకునే పిల్లలు దాన్నే రొట్టె మధ్య పెట్టి, నూటయాభై రూపాయలు తీసుకుని ఇస్తే ప్లేటు నాకేస్తున్నారు.

మరి గుడ్డు సంగతో? ఇక్కడ కథంతా మయోనీస్‌ది. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే ప్రమాదముంది, పైగా మన వేడికి, కరెంటు పోతూ వచ్చే ఫ్రిజ్‌లకి అది ఇట్టే పెరుగుతుంది. అప్పట్నుంచీ గుడ్డు లేని మయోనీస్, అంటే పాలతోనో సోయాతోనో నూనె గిలకొట్టి చేసేది, బోర్డుల మీద పెద్దక్షరాలకెక్కింది. ఆ తెల్లటి ముద్ద ఊసే ఎత్తని పెద్దవాళ్ళు సైతం ఇప్పుడు "మీది గుడ్డుదా, కానిదా?" అని అడిగి మరీ తెలుసుకుంటున్నారు. తెలుసుకున్నాక వద్దంటారు, అది వేరే విషయం.

ఇక ఎదురుగా నిలబడి మనమే చెప్పి చేయించుకునే రకం షాపులు ఉన్నాయి కదా, అక్కడ మొదటిసారి వెళ్ళినవాళ్ళ అవస్థ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో వైవా ముందు నిలబడ్డట్టే. ఏ బ్రెడ్డు? ఆరంగుళాలా, అడుగా? కాల్చాలా? చీజు? కూరలేమిటి? సాసులేమిటి? ప్రశ్న మీద ప్రశ్న, వెనక క్యూ. మనవాళ్ళు దీనికి తిరుగులేని జవాబు కనిపెట్టారు: "అన్నీ వేసెయ్ బాబూ." ఇచ్చే డబ్బుకు ఏదీ వదలకూడదన్న సూత్రం అందులో ఉంది. తీరా తేనె కలిపిన ఆవ సాసు, పుదీనా, తందూరీ, ఘాటు మిరప సాసు అన్నీ పడ్డాక రుచి ఏ ఊరిదో తేలదు. మీకెందుకు, రెండు సాసులకు మించి అడక్కండి.

అదే క్యూలో ఈమధ్య ఒక తాతగారు ఆలివ్‌ల గిన్నె వైపు వేలు చూపించి "ఆ నేరేడు పళ్ళు కాసిని ఎక్కువెయ్యి" అన్నారు. అసలే నేరేడు కాలం, పైగా షాపు బయట బండి మీద అవే రాశులు పోసి ఉన్నాయి, ఆయన్ని అనడానికేముంది? మొదటి ముక్క కొరికాక ఉప్పదనానికి ముఖం చిట్లించారు గానీ, మాట మీద నిలబడే మనిషి, అన్నీ తిన్నారు. ఆయన పక్కనున్న బామ్మగారు మాత్రం సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి కొత్తావకాయ రాసుకున్నారు. బయటి తిండి లోపలికి తేకూడదని గోడ మీద రాసి ఉంది. ఆ వాసనకు కౌంటరు వెనక ఇద్దరు తల తిప్పారు తప్ప బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక వాన. మాదాపూరు, గచ్చిబౌలిలో సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకే కురుస్తుంది, ఎవరో చెప్పి పంపినట్టు. రోడ్డు మీద బళ్ళు కదలవు. మెట్రో వంతెన కింద ద్విచక్రాల వాళ్ళు, శాండ్‌విచ్ షాపులో మిగతావాళ్ళు. ఒక కాఫీ, ఒక వెజ్ గ్రిల్డ్, ఇద్దరు మనుషులు, రెండు గంటలు. ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు దగ్గరి కుర్చీకి కిటికీ పక్క సీటుకంటే గిరాకీ. ల్యాప్‌టాప్ తెరిచి మీటింగులో "నేను ఇంటికొచ్చేశాను" అంటున్న అబ్బాయి వెనక గ్రిల్లు చుయ్యిమంటుంది. అతను మ్యూట్ నొక్కేలోపు "పనీర్ టిక్కా ఎవరిదీ?" అన్న కేక కూడా వెళ్ళిపోతుంది.

డెలివరీ కుర్రాళ్ళను మర్చిపోయాం. రెయిన్‌కోటు నీళ్ళు కారుతూ గుమ్మం దగ్గరే నిలబడతారు, లోపలికి రమ్మంటే నేల తడుస్తుందని రారు. మీరు ఇంటికి తెప్పించుకునేవాళ్ళైతే చిన్న చిట్కా: సాసు విడిగా ఇమ్మని, టమాటా తీసెయ్యమని చెప్పండి. అరగంట ప్రయాణంలో బ్రెడ్డును నానబెట్టేవి ఆ రెండే. అట్టపెట్టె మూత బిగిస్తే ఆవిరి లోపలే ఉండిపోయి కరకరలాడేదంతా మెత్తబడుతుంది. వచ్చాక పెనం మీద రెండు నిమిషాలు తిప్పితే మళ్ళీ మామూలే. ఓ గ్లాసు మంచినీళ్ళు ఆ కుర్రాడికి ఇస్తే పుణ్యం కూడా.

టమాటా అంటే గుర్తొచ్చింది. ఏటా ఈ రోజుల్లో దాని ధర కొండెక్కుతుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులోనే కిలో 100 దాటినప్పుడు శాండ్‌విచ్‌లో టమాటా చక్రాలు అవతలి వైపు కనిపించేంత పలచబడ్డాయి. ధర తగ్గాక మందం పెరిగిందా అంటే, అది మీరే కొలిచి చూసుకోవాలి.

అన్నట్టు, బొంబాయి శాండ్‌విచ్ బండ్లు ఇక్కడా బాగా పెరిగాయి. పచ్చ చట్నీ, వెన్న, ఉడికించిన బంగాళాదుంప, బీట్‌రూట్, కీర, టమాటా, ఉల్లి, పైన చాట్ మసాలా, చివర సన్న కారప్పూస. పొడుగాటి పిడి ఉన్న ఇనప అచ్చులో పెట్టి మంట మీద అటూ ఇటూ తిప్పుతుంటే ఆ వెన్న వాసనకు ఉపవాసాలు కదిలిపోతాయి. ఇక్కడి బండివాళ్ళు మన నాలుకకు తగ్గట్టు చట్నీలో పచ్చిమిర్చి రెట్టింపు చేశారు. అయినా "అన్నా, కొంచెం కారం ఎక్కువెయ్యి" అనేవాళ్ళు ఉండనే ఉన్నారు.

ఇక నాలుగింటికి బడి వదిలితే షాపు షాపంతా యూనిఫారాలు. పిల్లలు శాండ్‌విచ్‌ను తినేముందు విప్పుతారు. కీర ఒక పక్క, ఉల్లి ఒక పక్క, చీజు మాత్రం లోపలికి. అంచులు కోసెయ్యమంటారు, ఆ అంచులు అమ్మ తింటుంది. ఇంకోటి, వానల్లో ఇంట్లో బ్రెడ్డు బయట పెడితే రెండు మూడు రోజుల్లో బూజు, ఫ్రిజ్‌లో పెడితే ఎండి గట్టిపడటం. చలికి బ్రెడ్డులోని పిండిపదార్థం తొందరగా బిగుసుకుంటుంది మరి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావలసిన ముక్కలే తీసి కాల్చుకోండి. పంద్రాగస్టు దగ్గరకొస్తోంది కనక ముక్కలతో పని కూడా ఉంది. పైన క్యారట్ తురుము, మధ్యన చీజు, కింద పుదీనా చట్నీ పెట్టిన మూడు రంగుల శాండ్‌విచ్ లేకుండా ఏ బడిలోనూ వంటల పోటీ జరగదు. మొదటి బహుమతి ఎవరికివ్వాలో తేల్చలేక టీచర్లు అన్నీ తినేస్తారట.

ఆగస్టంటే శంషాబాదు విమానాశ్రయం కూడా. అమెరికా చదువులకు వెళ్ళే పిల్లలు, రెండేసి పెద్ద పెట్టెలు, వాటి బరువులో సగం పొడులూ పచ్చళ్ళూ. అక్కడ దిగిన తొలివారాల్లో శాకాహారి పిల్లల్ని ఆదుకునేది చాలాచోట్ల శాండ్‌విచ్ షాపే, కూరలు కళ్ళెదురుగా కనిపిస్తాయి కనక. బిల్లు కట్టేచోట తెర మీద టిప్పు ఎంతిస్తారని అంకెలు వస్తాయి. తొలిరోజు పిల్లలు రూపాయల్లోకి మార్చి చూసుకుని గుండె పట్టుకుంటారు. ఇటు తెల్లవారుజామున ఫోను. "ఏం తిన్నావురా?" "శాండ్‌విచ్ అమ్మా." "అది సరే, అన్నం ఏం తిన్నావు?"

ఇక్కడి బిల్లు సంగతీ ఓ మాట. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, అది కట్టాల్సిందే. కింద సర్వీస్ ఛార్జి అని ఇంకో గీత కనిపిస్తే మాత్రం అది మీ ఇష్టం. అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని 2022లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసెయ్యమంటే చాలాచోట్ల తీసేస్తారు. కాదూ కూడదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆ నంబరు పైకి చదివితే చాలు, ఫోను తీసే అవసరం రాకపోవచ్చు.

డబ్బు కట్టడం ఇప్పుడంతా స్కానే కదా. వానకు నెట్‌వర్కు పోతే చక్రం తిరుగుతూ ఉంటుంది, మనమూ కుర్రాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. కౌంటరు మీది స్పీకరు పెట్టె తెలుగులో రూపాయలు అందాయని అరిచేదాకా శాండ్‌విచ్ సగం వాళ్ళది, సగం మనది.

చవితి కూడా దగ్గరపడింది, చందా పుస్తకాలతో కుర్రాళ్ళు కౌంటరు దగ్గరకు వచ్చేస్తున్నారు. యజమాని చందా రాస్తాడు, వాళ్ళు అదే చేత్తో ఆర్డరూ ఇస్తారు. మండపాల కబుర్లు వచ్చేసారి చెప్పుకుందాం. ఈలోగా శనివారం సాయంత్రం వెళ్ళేవాళ్ళు ఏడు లోపే వెళ్ళండి. శ్రావణంలో ఆ తర్వాత పనీర్ ఉండటం లేదు.