మే నెలలో సాక్సులు

మా అక్కకి మే నెలలో బాబు పుట్టాడు. కంచరపాలెంలో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చున్నా వీపు మీద చెమట ఆరదు. అలాంటి ఎండల్లో అక్క నాలుగో రోజు నుంచి వాడి కాళ్ళకి సాక్సులు తొడగడం మొదలుపెట్టింది. "ఎందుకక్కా, ఉక్కపోయదా వాడికి?" అన్నాను. "చలేస్తుందేమోనని" అంది. బాలింత మాటకి ఎవరం ఎదురు చెప్పలేదు.

అసలు సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. గుడ్డలు మార్చడానికి అమ్మ సాక్సులు తీస్తే, మడమల దగ్గర, మణికట్ల దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. ఉల్లిపొరలాగ. పొత్తిగుడ్డ మీద తెల్లటి పొట్టు రాలి ఉంది.

అమ్మమ్మ ఏమాత్రం కంగారుపడలేదు. "పెసరపిండి నలుగెట్టి గట్టిగా రుద్దితే రెండ్రోజుల్లో పోద్ది. మీ అమ్మకీ నానే రుద్దాను" అంది. దానికి తోడు మా ఇంట్లో దుమ్ము గొడవొకటి. గాలి పోర్టు వైపు నుంచి తిరిగిందంటే మేడ మీద ఆరేసిన బట్టల మీద నల్లగా బొగ్గు నుసి పడుతుంది. పిల్లాడి ఒంటి మీద ఏం కనబడినా ముందు కడిగేయాలనిపిస్తుంది మా వాళ్ళకి.

నేను మాత్రం నా తరం వాళ్ళు చేసేదే చేశాను. రాత్రి రెండింటికి ఫోన్లో వెతికాను. మొదటి రెండు పేజీలూ "ఇది మామూలే" అన్నాయి. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఇంకా కిందికి వెళ్ళాను. ఇక్తియోసిస్ అనే మాట కనబడింది. పుట్టుకతో వచ్చే చర్మరోగాల గుంపు అది. చర్మం చేప పొలుసుల్లా ఎండిపోతుంది. అందులో కొన్ని రకాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన జన్యువులు కలిసినప్పుడే వస్తాయట. దగ్గర బంధువుల్లో పెళ్ళిళ్ళు జరిగితే ఆ అవకాశం పెరుగుతుందట.

మా బావ మా మేనమామ కొడుకు. ఆ సంబంధం కుదిర్చింది అమ్మమ్మ. ఆవిడ ఈ బాబుకి అటునుంచీ తాతమ్మే, ఇటునుంచీ తాతమ్మే.

ప్రాబబిలిటీ పరీక్షలో బేస్ రేట్ గురించి పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పొట్టు రాలడం చాలామంది పిల్లల్లో ఉండేది, ఆ రోగం అరుదైనది, కాబట్టి పొట్టు చూసి రోగం అనుకోవడం తప్పు లెక్క. ఇదంతా ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రాత్రి ఒక్క ముక్క గుర్తురాలేదు.

ఎవరితో చెప్పను? అక్కతో చెబితే ఏడుస్తుంది. అమ్మతో చెబితే అమ్మమ్మతో గొడవ. ఆరో రోజు రాత్రి అక్క నిద్రపోతుంటే ఉయ్యాల దగ్గరికి వెళ్ళి సాక్సు తీశాను. లేచిన పొర కింద ఏముందో చూడాలనిపించింది. కింద మామూలు చర్మం ఉంటే నా భయం తప్పని తేలిపోతుంది కదా అని గోటితో పట్టుకుని మెల్లగా లాగాను. ఊడాల్సినంత ఊడి, ఆగాల్సిన చోట ఆగలేదు. సన్నటి గీతలాగ రక్తం వచ్చింది. వాడు కెవ్వుమన్నాడు. అక్క లేచి "ఏమైందిరా?" అంటే "దోమ కుట్టినట్టుంది" అని మళ్ళీ సాక్సు తొడిగేశాను. అప్పటికి ఆ సాక్సులో దాచింది అక్క ఒక్కతే కాదు, నేను కూడా.

మర్నాడు ఆశా అక్క వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్ని 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడటం వాళ్ళ పని. బరువు చూసింది, ఒళ్ళు వేడి చూసింది, బొడ్డు చూసింది, తర్వాత సాక్సు తీసింది. "ఇదేటిది, ఎవరు గిల్లారు?" అంది. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "నేనే" అన్నాను. ఆవిడ తిట్టలేదు. "పొట్టు సంగతి భయపడక్కర్లేదు గానీ, చర్మం తెగింది కాబట్టి ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి" అంది.

డాక్టరు దగ్గర నేను తెలివిగా ఇంగ్లీషులో అడిగాను, అమ్మమ్మకి అర్థం కాకూడదని. ఆయన పూర్తిగా విని, గది అంతా వినబడేలా తెలుగులో జవాబిచ్చారు.

"మేనరికం అని భయమా? మంచిదే, అడిగావు. ఆ జబ్బులో బాగా తీవ్రమైన రకం పుట్టిన నిమిషంలోనే తెలిసిపోతుంది. ఒంటికి ప్లాస్టిక్ కవరు బిగించినట్టు మెరిసే పొర ఉంటుంది, కనురెప్పలు బయటికి తిరిగిపోతాయి. వీడు పుట్టినప్పుడు బాగున్నాడు. ఇప్పుడు పొట్టు కింద చర్మం మెత్తగా ఉంది. పాలు తాగుతున్నాడు. ఇది మామూలు పొట్టే."

ఎందుకు రాలుతుందో కూడా చెప్పారు. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ ఉమ్మనీటిలో ఉంటాడు. నీటిలో నానిపోకుండా ఒంటి మీద వెన్నలాంటి తెల్లటి పూత ఉంటుంది, దాన్ని వెర్నిక్స్ అంటారు. నెలలు నిండేకొద్దీ ఆ పూత తగ్గిపోతుంది. మావాడు డేట్ దాటాక వారానికి, 41 వారాలకి పుట్టాడు. అంటే పూత దాదాపు పోయాక కూడా కొన్నాళ్ళు నీటిలోనే ఉన్నాడు. బయటికి వచ్చి గాలి తగలగానే పై పొర ఎండి ఊడిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఇంత రాలదు. రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. "లాగొద్దు, రుద్దొద్దు, నలుగు వద్దు. గోరువెచ్చని నీళ్ళతో తొందరగా స్నానం చేయించి, తడి అద్ది, కొబ్బరినూనె పల్చగా రాయండి. చీము పొక్కులు వచ్చినా, ఎర్రగా పాకినా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా వెంటనే రండి. మూడు వారాలు దాటినా తగ్గకపోతే కూడా రండి, కొన్ని రకాలు ఆలస్యంగా బయటపడతాయి" అన్నారు.

మేనరికం సంగతి ఆయన కొట్టిపారేయలేదు. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటే, మేనరికాల్లో అది సుమారు రెట్టింపవుతుందన్నారు. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే ఉంటారు. ప్రమాదం మాత్రం నిజం. రెండూ ఒకేసారి నిజమేనని అప్పుడు అర్థమైంది.

బయటికి రాగానే అక్క అంది, "నాకు నాలుగో రోజు నుంచీ అదే భయంరా. వచ్చినవాళ్ళు చూసి మేనరికం అందుకే అంటారని సాక్సులు తొడిగాను." ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో, ఇద్దరం ఒకే మాట ఫోన్లో వెతుక్కుని ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఆటోలో అమ్మమ్మ మాట్లాడలేదు. ఊర్వశి జంక్షన్ దాటాక మెల్లగా అడిగింది, "గుంటడికి నా వల్లే వచ్చిందనుకున్నావేటిరా?" లేదని చెప్పాలి. చెప్పలేకపోయాను. "భయమేసింది అమ్మమ్మా" అన్నాను. ఆవిడ తల ఊపి, పిల్లాడి పాదం మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

ఆ రోజు నుంచి నలుగు ఊసెత్తలేదు. నూనె రాసే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నాకూ ఆసక్తి పుట్టి తర్వాత చదివాను. ఢాకాలోని శిశు ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లలకి పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మావాడిది వేరే కేసు, వేరే నూనె. అయినా అమ్మమ్మకి చెప్పాను. "నూనె సంగతి నాకు తెలుసు. రుద్దడమే తప్పంటే ఒగ్గేశాను కదా" అంది. మా వైపు ఒగ్గేయడం అంటే వదిలేయడం. డెబ్బై దాటిన మనిషి తన చేతి పనిని ఒక్క రోజులో ఒగ్గేసింది. నేను ఆరు రోజుల పిల్లాడి కాలి మీద పొరని ఒగ్గేయలేకపోయాను.

పంతొమ్మిదో రోజుకి పొట్టు పూర్తిగా పోయింది. నేను గిల్లిన చోట మచ్చ కూడా లేదు. కానీ ఎక్కడ ఉండేదో నాకు తెలుసు, ఎత్తుకున్నప్పుడల్లా చూస్తాను. సాక్సులు ఉతికి బీరువాలో పెట్టింది అక్క. డిసెంబరులో పనికొస్తాయంది.