పెండ్లికూతురి నోట మన మాట

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైనాకే నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి. ఈసారి ప్రేమ సినిమాల గురించి రాస్తాను, కానీ అసలు సంగతి మా ఇంటిది.

మా చిన్నవాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ నిజామాబాద్ వైపు అమ్మాయిని ఇష్టపడి పెండ్లి చేసుకున్నాడు. నిశ్చితార్థం రోజు నా భార్య వాళ్ళ చుట్టాలను "అందరూ బాగుండారా? బువ్వ తింటిరా?" అని పలకరించింది. ఇద్దరు కుర్రవాళ్ళు నవ్వారు. "ఇది తెలుగేనా?" అన్నాడు ఒకడు. ఆ రాత్రి నేను ఆమెతో ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. "పెండ్లిలో ఎక్కువ మాట్లాడొద్దు, ఊరికే ఉండు" అన్నాను. సొంత కొడుకు పెండ్లిలో రెండు రోజులు ఆమె నోరు తెరవలేదు.

పోయిన సంక్రాంతికి వియ్యంకులు కోయంబత్తూరు వచ్చారు. టీవీలో 'ఫిదా' పెట్టుకుని అందరం కూర్చున్నాం. శేఖర్ కమ్ముల తీసింది, 2017లో వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి, అమెరికా నుంచి వచ్చిన పిల్లవాడు, ప్రేమ, పోట్లాట, చివరికి పెండ్లి. కథలో కొత్తేమీ లేదు. కొత్త ఏమిటంటే ఆ పిల్ల మొదటి నుంచి చివరి దాకా తెలంగాణ మాటే మాట్లాడుతుంది. ఎవరి కోసమూ మార్చుకోదు. చూస్తూ చూస్తూ మా వియ్యపురాలు కండ్లు తుడుచుకున్నారు. "ఇన్నేండ్లు మా మాటను రౌడీలకు, నౌకర్లకు ఇచ్చిండ్రు అన్నా. ఇప్పుడు పెండ్లిపిల్లకు ఇచ్చిండ్రు" అన్నారు.

ఇంకొక సంగతి. భానుమతిగా నటించిన సాయి పల్లవి కోత్తగిరి పిల్ల. మన మేట్టుపాళయం నుంచి కొండెక్కితే వచ్చే ఊరే. ఇంటి భాష బడగ. తెలంగాణ మాట నేర్చుకుని సొంత గొంతుతోనే డబ్బింగ్ చెప్పింది. ఆ సంగతి చెప్పగానే నా భార్య మెల్లగా అంది: "కొండ పిల్లే వాళ్ళ మాట నేర్చి మాట్లాడింది. నన్ను మాత్రం నా మాట కూడా మాట్లాడొద్దంటివి."

నాకు జవాబు లేదు.

నేను ఎందుకట్లా అన్నానో ఆలోచించాను. టికెట్ కౌంటర్లో ముప్పై ఏండ్లకు పైగా కూర్చున్నాను. తోటివాళ్ళు "గొల్టి" అంటే వాళ్ళతో కలిసి నేనూ నవ్వేవాణ్ణి. తమిళ సినిమాలో తెలుగువాడు, తెలుగు సినిమాలో అరవవాడు ఎక్కువగా నవ్వించడానికే వస్తారు. మనం రెండు వైపులా అదే. 1978లో 'మరోచరిత్ర' చూశాను. తమిళ పిల్లవాడు, తెలుగు పిల్ల. తెలుగులోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. కానీ చివర ఇద్దరూ చనిపోతారు. ఏడ్చి ఇంటికి వచ్చాం. నవ్వుల ప్రేమకథలో చావు ఉండదు, పెండ్లి ఉంటుంది. అందుకే ఆ పెండ్లి పీటల మీద ఎవరి మాట వినిపిస్తుందన్నది చిన్న విషయం కాదు.

1995లో 'సతీ లీలావతి' వచ్చినప్పుడు కమల్, కోవై సరళ మొగుడు పెండ్లాలుగా కొంగు తమిళం మాట్లాడితే మన ఊరివాళ్ళతో పాటు నేనూ ఎగిరి గంతేశాను. మన ఇంటి తెలుగుకు అట్లాంటి రోజు నేను చూడలేదు.

సినిమావాళ్ళను అడగడం తరువాత. మన సంఘం పోయిన ఉగాదికి వేసిన నాటకం గుర్తుందా? పెండ్లికొడుకు, పెండ్లికూతురు టీవీ తెలుగు మాట్లాడారు. "వస్తాండా, పోతాండా" అన్నది వాచ్‌మన్ ఒక్కడే. అందరం నవ్వాం. ముందు వరసలో కూర్చుని నేనూ నవ్వాను. మన మాటను వాచ్‌మన్‌కు ఇచ్చింది ఏ దర్శకుడూ కాదు, మనమే.

వచ్చే ఉగాదికి ఒక మనవి. ప్రేమ నాటకమే వేద్దాం. నవ్వులూ ఉండనీ. పెండ్లికూతురు మాత్రం మన ఇంటి తెలుగే మాట్లాడాలి. పిల్లలకు ఆ మాటలు నేర్పడానికి నా భార్య ఒప్పుకుంది. వియ్యపురాలు కూడా వస్తామన్నారు. ఈసారి నేను ఊరికే ఉంటాను, ఆమె మాట్లాడుతుంది.