దారి చివరి పేరు

కంప్యూటరులో దాచిన ప్రతి ఫైలుకు ఒక చిరునామా ఉంటుంది. దానినే 'పాత్' అంటారు. యూనిట్టు, విభాగము, సంవత్సరము - ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడిన డైరెక్టరీల పేర్లు వరుసగా వచ్చి, చిట్టచివర ఫైలు పేరు నిలుస్తుంది. మన పేర్ల తీరూ ఇంతే కదా! ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక.

మా విభాగంలోని డ్రాయింగులన్నింటికీ జాబితా సిద్ధం చేయవలసి వచ్చినపుడు, ఆ చివరి పేరును వేరుచేసే ప్రోగ్రాము వ్రాసే పని నాకు అప్పగించారు. గీత ఉన్నచోటల్లా ఖండించి, చివరి ముక్కను గ్రహిస్తే చాలుననిపిస్తుంది. కానీ ఏ గీత? యూనిక్స్‌లో అది ముందుకు వాలినది. ఎం.ఎస్.-డాస్‌లో వెనుకకు వాలినది. డాస్ తొలి రూపంలో డైరెక్టరీలు లేవు. ముందు గీతను ఆదేశాలకు అనుబంధంగా ఇచ్చే సూచనల కొరకు వాడుకున్నారు. 1983లో 2.0 రూపంతో డైరెక్టరీలు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు. అందువలన వెనుక గీత స్థిరపడి, విండోస్‌కు వారసత్వంగా సంక్రమించింది.

పైథాన్ భాషలో ఈ పనికి 'బేస్‌నేమ్' అనే సాధనం సిద్ధంగా ఉన్నది. అయితే లినక్స్ యంత్రంలో దానికి వెనుక గీత కేవలం ఒక అక్షరమే. విండోస్ చిరునామా ఇస్తే, మొత్తం చిరునామానే పేరుగా తిరిగి ఇస్తుంది! 'ఎన్‌టీపాత్' అనే మాడ్యూలు మాత్రం రెండు గీతలనూ గుర్తిస్తుంది. చిరునామా చివర గీత మిగిలి ఉంటే పైథాన్ ఖాళీ పేరునిస్తుంది. యూనిక్స్‌లో అదే పేరుగల ఆదేశము ఆ గీతను తొలగించి, ముందున్న పేరును అందిస్తుంది.

ఇవన్నీ తెలిసిన చిక్కులే. అసలు ప్రమాదము పేరు దొరికిన తరువాతనే ఉన్నది. రెండు యూనిట్ల డైరెక్టరీలలోనూ 'వాల్వు' పేరిట డ్రాయింగు ఉన్నదనుకుందాము. దారిని విడిచి, పేర్లతో మాత్రమే అన్నింటినీ ఒకేచోటికి చేరిస్తే, రెండవది మొదటిదానిని చెరిపివేయవచ్చు. అప్పుడు ఒక యూనిట్టు వాల్వుకు మరొక యూనిట్టు కొలతలతో వర్కుషాపులో లోహం కోస్తారు. కోసిన లోహం తిరిగి అతుకదు.

అందుచేత జాబితాలో పేరు ప్రక్కనే పూర్తి చిరునామాకు మరొక గడి కేటాయించాను. ఫైళ్లను నకలు చేయుటకు ముందే, ఒకటికి మించి వచ్చిన పేర్లను ఎత్తిచూపే నాలుగు పంక్తులను ప్రోగ్రాములో చేర్చాను. అట్టి పేర్లు అనేకం బయటపడ్డాయి. ఏది ఏ యంత్రానిదో మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గారు ఓపికగా తేల్చిన మీదటనే నకళ్లు తీశాము.

ఊరిలో పదిమంది వెంకటేశ్వర్లు ఉన్నపుడు, ఉత్తరము తెచ్చిన పోస్టుమాను ఇంటిపేరు అడుగక మానడు. యంత్రము తనంతట తాను అడుగదు. అడిగేటట్లు వ్రాయవలసినది మనమే.