116 మెట్ల కింద ఓ ఎండాకాలం

పారిస్‌లో టీజీవీ ఎక్కితే ముప్పావుగంటలో రాన్స్ వచ్చేస్తుంది. షాంపేన్ ప్రాంతంలో పెద్ద ఊరిదే. నడివేసవిలో వెళ్లినా సరే, బ్యాగులో జాకెట్ పెట్టుకోండి. ఎందుకంటే అసలు చూడాల్సింది ఊరి కింద ఉంది. పొమ్మరీ సెల్లార్‌కి 116 మెట్లు దిగాలి. సుమారు 30 మీటర్ల లోతున, పాతకాలపు సుద్దరాయి గనులు. పైన ఎండ మండిపోతున్నా లోపల దాదాపు 10 డిగ్రీలే. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన చోట్లలో ఈ కొండ కూడా ఉంది.

మామూలు షాంపేన్‌లో వేర్వేరు ఏళ్ల వైన్లు కలుపుతారు. కనీసం 15 నెలలు సెల్లార్‌లో ఉంచితే చాలు. వింటేజ్ అంటే ఒకే ఏడాది పంట. దానికి కనీసం మూడేళ్లు. అంటే ఆ ఏటి ఎండావానా అన్నీ సీసాలోకి వచ్చేస్తాయన్నమాట.

అందుకే 2003 గురించి ఇప్పటికీ వాదనలు నడుస్తుంటాయి. ఆ ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను మాడ్చేసింది. ఆగస్టులో వడగాలులు. కోతలు ఆగస్టులోనే మొదలయ్యాయి, 1822 తర్వాత అప్పటిదాకా అంత ముందుగా ఎప్పుడూ లేదు. ఎండ ఎక్కువైతే పండులో తీపి పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. పులుపు తగ్గితే నష్టమేంటి అంటారా? పుల్లటి కాయ లేకుండా ఆవకాయ ఏడాది నిలుస్తుందా? ఇదీ అంతే.

చాలా సంస్థలు ఆ ఏడాది వింటేజ్ జోలికే పోలేదు. డామ్ పెరిన్యో మాత్రం చేసింది. బోలాంజే తన మామూలు వింటేజ్ పేరు పెట్టకుండా, విడిగా వేరే పేరుతో అమ్మింది. క్రూగ్ అయితే 2002 కంటే ముందే 2003ని బయటికి వదిలింది.

రుచి చూసే అవకాశం వస్తే సన్నటి ఫ్లూట్ గ్లాసు వద్దు, కాస్త పొట్ట ఉన్న గ్లాసు అడగండి. మరీ ఐసులా కాకుండా 10 డిగ్రీల దగ్గర తాగాలి. వయసైన షాంపేన్‌లో బుడగలు నెమ్మదిస్తాయి, రంగు బంగారంలోకి దిగుతుంది, కాల్చిన బ్రెడ్డు, తేనె, బాదం వాసనలొస్తాయి. వేడి ఏడాదిదైతే ముందు మగ్గిన పండు తగులుతుంది. మింగాక నోట్లో ఇంకా నీరూరుతోందా? ఊరితే పులుపు మిగిలే ఉంది, ఆ సీసాకి ఆయుష్షుంది.

అక్కణ్నుంచి ఓ సీసా హైదరాబాద్‌కి తెచ్చుకుంటే మాత్రం అటక మీద దాచకండి. మన మే నెల ఎండలకి అది త్వరగా ముసలిదైపోతుంది. చీకటి, చల్లదనం, కదలిక లేకపోవడం, మూడూ కావాలి. వైన్ ఫ్రిజ్ లేకపోతే ఆ ఏడాదే మంచి రోజు చూసి తెరిచేయండి.

2018, 2020, 2022లో కూడా అక్కడ కోతలు ఆగస్టులోనే మొదలయ్యాయి. ఒకప్పుడు వింతనుకున్న ఎండ ఇప్పుడు మామూలైపోతోంది. ఆ సీసాలు ఇప్పుడు సుద్దగనుల చీకట్లో పడుకుని ఉన్నాయి. వాటిలో పులుపు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియాలంటే ముందుగా తెరిచి చూడాల్సింది 2003నే.