సంక్రాంతి, మా కుక్క, కొంచెం కేటీ

మా టీమ్‌లో ఎవరైనా ఆన్‌సైట్ వెళ్తుంటే రెండు వారాలు కేటీ ఉంటుంది. డాక్యుమెంట్లు, సైన్ ఆఫ్‌లు, బ్యాకప్‌కి ఇంకో బ్యాకప్. అదే కుక్కని వదిలి ఊరెళ్ళేటప్పుడు మాత్రం "కాస్త చూస్తూ ఉండండి" అనేసి తాళాలు చేతిలో పెట్టేస్తాం. కోడ్ అయితే రోల్‌బ్యాక్ చేసుకోవచ్చు, కుక్కకి ఆ సదుపాయం లేదు మరి!

బోర్డింగుల్లో అందరూ ఏసీ ఉందా, కెమెరా ఉందా అని అడుగుతారు. అడగాల్సింది, వచ్చే ప్రతి కుక్కకీ టీకాల కార్డు చూస్తారా అని. రేబిస్ ఒక్కటే చాలదు, పార్వో, డిస్టెంపర్ కూడా పడి ఉండాలి. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. పోనీ రైల్లో తీసుకెళ్దామా అంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే తీసుకోవాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో పెట్టెలో వెయ్యాలి. రెండోది మావాడి వల్ల కాదు, మొదటిది నా జీతం వల్ల కాదు :)

పోయిన దసరాకి ఒకచోట పెట్టాం, రోజుకి 800. నేను రాసిచ్చిన కాగితం మడత కూడా విప్పలేదు వాళ్ళు. నాలుగు రోజుల్లో కిలోన్నర తగ్గి వచ్చాడు. అందుకని ఇప్పుడు మా వాచ్‌మన్ గారి భార్యని అడిగాను. అక్కది శ్రీకాకుళం వైపు. మూడు సాయంత్రాలు నాతోపాటు వాకింగుకి వచ్చి, తన చేత్తోనే అన్నం పెట్టింది. ఉల్లి, వెల్లుల్లి వేసినవి పెట్టొద్దని, పాయసంలో కిస్‌మిస్ కూడా వాడికి విషమేనని చెప్పాను. అంతా విని, "ఎల్లొత్తానని దానికి కూడా ఓ మాట సెప్పండి బాబూ" అంది. నా డాక్యుమెంటులో లేని పాయింటు అది!

డబ్బులిస్తానంటే ఇంట్లో నవ్వారు, కుక్కకి అన్నం పెడితే జీతమా అని. బోర్డింగువాడి 800 గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదనుకోండి.

అసలు చిక్కు వేరే. సంక్రాంతి వాళ్ళకీ ఉంటుంది కదా! ఊరెళ్ళి రెండేళ్ళయిందట. ఇంకో వెయ్యి ఎక్కువిస్తే ఉండిపోయేదే, కానీ ఆవిడ పండగని కొనుక్కోవడం నాకు నచ్చలేదు. అందుకే భోగి నుంచి ముక్కనుమ దాకా వాళ్ళు వెళ్తారు, వాళ్ళు వచ్చాక నేను వెళ్తాను. లీవు మార్చుకుంటానంటే మేనేజర్ ఎగిరి గంతేశాడు, పండగ వారం సపోర్టుకి మనిషి దొరికాడుగా. అమ్మ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేసి, అరిసెలు డబ్బాలో పెట్టి ఉంచుతానంది.