ఒకరి చేతినుండి అందరి చేతికి

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం ముందుగా నడచినప్పుడెల్ల మాకొక తలపు కలుగుచుండును. ఒకనాడది బ్రిటిష్ రెసిడెంటు విడిది. నేడు ఎన్నికైన రాష్ట్రపతి విడిది. 2023 మార్చి నుండి సామాన్యులకును ఏడాది పొడుగునా ప్రవేశము లభించినది. భవనమదియే, హక్కుదారులు మారినారు.

కంప్యూటరు లోకమునను ఇట్టి మార్పు జరిగినది. పైథాన్ అను ప్రోగ్రామింగ్ భాషను గీడో వాన్ రాసమ్ 1991లో వెలువరించినాడు. దాని సోర్స్ కోడ్ అందరిదీ. ఎందరో స్వచ్ఛందముగా శ్రమించినారు. తుది తీర్పు మాత్రము ఆయనదే. 2018 జూలైలో, ఒక మార్పుపై తీవ్ర వివాదము చెలరేగిన పిదప, వారసుని నియమింపకయే ఆయన ఆ అధికారమును వదలుకొన్నాడు. ప్రధాన సహకర్తలు చర్చించి, ఓటు వేసి, 2019లో ఐదుగురి సంఘమును ఎన్నుకొన్నారు. ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించరాదని నియమము. ఆ తొలి ఐదుగురిలో గీడోయు ఒకడు. ఐదు గొంతులలో ఒక గొంతు.

ఇది తెలిసి మేము సిగ్గుపడినాము. ఈ సంచికకు తెలుగు రచనలను ఇన్నేళ్లును మేమొక్కరమే ఎంపిక చేసినాము. ఈ యేడు ఆ పని విద్యార్థుల సంఘమునకు అప్పగించినాము. వారు మొదట తిప్పి పంపినది మా వ్యాసమునే! మనసు నొచ్చిన మాట నిజము. అధికారమును వదలుట కంటె, వదలిన పిదప ఆ తీర్పునకు తలయొగ్గుట కష్టమని నాడు బోధపడినది. వారు కోరినట్లే కుదించినాము. ఆ వ్యాసమే ఇది.