ఎకరం చుట్టూ

ఫస్ట్ సెమ్ ల్యాబ్‌లో దీర్ఘచతురస్రం ఏరియా, పెరిమీటర్ కనుక్కునే ప్రోగ్రాం రాశాను. పొడవు 4, వెడల్పు 4 ఇచ్చి రన్ చేస్తే రెండూ 16 అని వచ్చాయి. రికార్డులో సంతకం కూడా అయిపోయింది. వారం తర్వాత చూసుకుంటే రెండు ఫంక్షన్లలోనూ ఒకటే లైను, పొడవు ఇంటూ వెడల్పు, కాపీ పేస్ట్ అయి ఉంది. 5, 4 ఇచ్చి ఉంటే దొరికిపోయేవాణ్ణి.

అదే బగ్ మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఉందని మొన్న వేసవి సెలవుల్లో తెలిసింది.

మాది కోనసీమ. తాతయ్యా, చిన్నతాతయ్యా పంచుకున్నప్పుడు చెరో ఎకరం వచ్చింది. తాతయ్యది పంటబోదె పక్కనే సన్నగా పొడుగ్గా ఉన్న ముక్క. దాని వెనకాల ఇంచుమించు చదరంగా ఉన్నది చిన్నతాతయ్యది. తనకి అన్యాయం జరిగిందని తాతయ్య గొణుగుడు. ఎకరం ఎకరమే కదా, ఈయనకి తమ్ముడంటే పడదు అని మా నాన్నతో సహా అందరూ అనుకునేవారు. నేనూ అంతే. పాసు పుస్తకంలో ఇద్దరికీ ఒకటే విస్తీర్ణం, ఇంకేం కావాలి?

సార్వాకి కాలువలు వదిలే ముందు గట్లు చెక్కించాలి. ఈసారి కూలీల లెక్క రాయమని నన్ను పంపారు. చిన్నతాతయ్య చేలో నలుగురు సాయంత్రానికల్లా పని ముగించారు. మా చేలో అదే నలుగురికి రెండో రోజు మధ్యాహ్నం దాటింది. ముందు నాకు కూలీల మీదే అనుమానం వచ్చింది, ఒప్పుకోవాలి. తర్వాత టేపు పట్టుకుని వెళ్ళాను.

మాది అటూ ఇటుగా 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు. గుణిస్తే 43,560 చదరపు అడుగులు, సరిగ్గా ఎకరం. (సర్వే వాళ్ళ పాత గంటర్ గొలుసు కూడా 66 అడుగులే. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు.) చుట్టూ తిరిగొస్తే మాత్రం 1,452 అడుగులు. అదే ఎకరం చదరంగా ఉంటే ఒక్కో పక్క 208.7 అడుగులు, చుట్టూ 835. అంటే ప్రతి ఏడూ తాతయ్య 617 అడుగుల గట్టు ఎక్కువ చెక్కించుకుంటున్నాడు. ఎలుకలు బొరియలు పెట్టేదీ గట్టులోనే, నీళ్ళు కారిపోయేదీ గట్టు నుంచే. పైగా గట్టులో మన వాటా ఒక్క అడుగు వెడల్పే అనుకున్నా, మాకు మూడు సెంట్ల పైనే గట్టు కింద పోతుంది, వాళ్ళకి రెండు సెంట్లలోపే. పాసు పుస్తకంలో ఎకరాలూ సెంట్లూ రాస్తారు గానీ చుట్టుకొలతకి గడి ఉండదు.

చుట్టుకొలత అన్న మాట కూడా నాకు అప్పుడే అర్థమైంది. నా ఇంగ్లీషు మీడియం చదువులో అది టూ ఇంటూ ఎల్ ప్లస్ బి, అంతే. తెలుగు మాటలోనే చుట్టూ తిరగమని ఉంది. మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి కాలంవాడని చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేశాడు. ఆ సంస్కృత గ్రంథంలో క్షేత్రగణితానికి ఒక అధ్యాయమే ఉంది. క్షేత్రమంటే పొలం కూడా. బొమ్మకీ పొలానికీ ఒకటే పేరు.

లెక్క కాగితం తాతయ్యకి చూపించాను. ఎగిరి గంతేస్తాడనుకున్నా. "ఇది నాకు తెలీదేంట్రా? ఏటా డబ్బులిచ్చేది నేనే కదా. మీ నాన్నకి చూపించు, మీ చిన్నతాతకి చూపించు" అన్నాడు.

నాన్న రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా మడిచి ఇచ్చేశాడు. చిన్నతాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చూశాడు. "లెక్క కరెక్టేరా అబ్బాయ్, కాదన్ను. మరి నా చేలోకి నీళ్ళు రావాలంటే అన్నయ్య గట్టు దాటుకునే రావాలి. ఏటా ఆయన్ని అడిగి తూము తీయించుకోవాలి. దానికేదైనా ఫార్ములా ఉందా?"

నా దగ్గర లేదు. కాగితం వెనక్కి తెచ్చి తాతయ్య ట్రంకుపెట్టెలో పాసు పుస్తకం కింద పెట్టాను. నాలుగు రోజుల తర్వాత బోదెలోకి నీళ్ళొచ్చాయి. ఈ ఏడు చిన్నతాతయ్య రాకముందే తాతయ్య పార పట్టుకుని వెళ్ళి తూము తీశాడు. మాట్లాడుకున్నారా అంటే, లేదు.